గురుతిన చీటి లేకుండా లాడ్జి కౌంటర్ దగ్గర

మన గోడపత్రికలో ఇంతవరకు కవుల పరిచయాలు, పండగల వ్యాసాలు, పుస్తక సమీక్షలు వచ్చాయి. ఈసారి నేను లాడ్జి కౌంటర్ గురించి రాస్తానంటే మా మేడం "దాంట్లో రాయడానికి ఏముందే?" అని నవ్వారు. కారణం చెప్పాక "సరే, రాయి. కాగితాలు మాత్రం గోడ దాటకూడదు" అన్నారు.

కారణం ఇది. డిగ్రీ అయిపోతూనే మనలో చాలామంది ఊరు దాటాల్సిందే. ఎమ్మే తెలుగు చదవాలంటే హైదరాబాదో, అనంతపురమో, తిరుపతో, కుప్పమో పోవాలి. ఉద్యోగ పరీక్షలకు సెంటరు ఒకసారి బెంగళూరులో పడుతుంది, ఇంకోసారి హుబ్బళ్లిలో పడుతుంది. పొద్దున తొమ్మిదికి పరీక్ష అంటే ముందురోజు రాత్రికే అక్కడుండాలి. నాన్న సేద్యం వదిలి, అమ్మ కూలి పోగొట్టుకొని ప్రతిసారీ తోడు రాలేరు. అట్లాంటి రాత్రి ఏదో ఒక లాడ్జి కౌంటర్ ముందు మనం ఒక్కరమే నిలబడతాం. లోపలున్నాయన తల ఎత్తకుండా అడిగే మొదటి మాట "ఐడీ ఇవ్వండి". ఆ పూట ఐడీ చేతిలో లేకపోతే ఏం చేయాలో మనకెవరూ పాఠంగా చెప్పలేదు. నలుగురిని అడిగి, కొంత చదివి నేను తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నా.

ముందు మన కాలేజీలోనే చదివి పోయిన ఒక అక్క సంగతి. పేరు రాయొద్దంది. పీజీ ఎంట్రన్సుకు హైదరాబాదులో సెంటరు పడింది. గుంతకల్లులో బండెక్కి రాత్రి తొమ్మిది దాటాక కాచిగూడలో దిగింది. దిగాక చూసుకుంటే భుజానికున్న బ్యాగు జిప్పు కోసేసి ఉంది. పర్సు లేదు. ఆధార్ కార్డు, కాలేజీ కార్డు, ఏటీఎం కార్డు అన్నీ దాంట్లోనే. హాల్ టికెట్ వేరే సంచిలో ఉంది కాబట్టి మిగిలింది. ఫోను చేతిలో ఉంది కాబట్టి మిగిలింది.

మొదటి లాడ్జిలో "ఐడీ లేకుంటే రూము లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండో లాడ్జిలో అక్క తన ఫోను గ్యాలరీలో ఉన్న ఆధార్ ఫొటో చూపించింది. "ఫొటో ఎవరిదైనా పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాడాయన. మూడో చోట కౌంటర్‌లో వయసాయన ఉన్నాడు. ఆయన కొంచెం నిదానంగా చెప్పాడు: "ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి చూపించు తల్లీ, రాసుకుంటా." అక్క వెబ్‌సైటు తెరిచింది, నంబరు కొట్టింది. ఓటీపీ పోయింది, కానీ నాన్న ఫోనుకు పోయింది. అక్కకు ఆధార్ తీయించినప్పుడు తను చిన్నపిల్ల, నంబరు నాన్నది ఇచ్చారు. నాన్న ఆ రాత్రి సిరుగుప్ప పక్క మిరప కళ్లంలో కాపలా పడుకున్నాడు. ఫోన్లో చార్జింగ్ లేదు. ఇంట్లో తమ్ముడున్నాడు గానీ కళ్లం నాలుగు కిలోమీటర్ల దూరం, చీకటి.

అక్క లాడ్జిల వేట ఆపేసి అదే ఆటోలో స్టేషనుకు తిరిగొచ్చింది. ఫోన్లో టికెట్టు చూపించి ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో కూర్చుంది. డ్యూటీలో ఉన్న ఆర్పీఎఫ్ మహిళా కానిస్టేబులుకు జరిగింది చెప్తే, "నాకు కనపడేటట్టు ఈ బెంచీ మీదే ఉండు" అందంట. తెల్లవారి నాలుగున్నరకు నాన్న ఇంటికొచ్చి ఫోను చార్జింగుకు పెట్టాడు. అంకెలు ఒక్కొక్కటి చదివి చెప్పాడు. ఏడున్నరకు జెరాక్స్ షాపు తెరిచాక కలర్ ప్రింటు తీసుకొని పరీక్షకు పోయింది. ఏం రాసిందో తనకే గుర్తు లేదంట. సీటు మాత్రం వచ్చింది.

నన్ను ఆలోచనలో పడేసింది మూడో లాడ్జి పెద్దాయన మాట. ఆయన దారి చూపించాడు, ఆ దారి సరైనదే. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయిన ఒక ఫోను దగ్గర అది మూసుకుపోయింది.

కౌంటర్ లోపలి వైపు ఎట్లుంటుందో తెలుసుకోవాలని మా చిన్నమామను అడిగాను. ఆయన హోసపేటలో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తాడు. హంపి చూడటానికొచ్చే వాళ్లంతా అటే దిగుతారు కాబట్టి కన్నడం, తెలుగు, హిందీ, కొంచెం ఇంగ్లీషు అన్నీ ఆ బల్ల ముందు వినపడతాయి.

"మామా, కార్డు పోయినోళ్లు నిజంగానే వస్తారు కదా, వాళ్లనెందుకు పంపించేస్తారు?" అన్నాను.

"పాపా, నాకేమన్నా కార్డు మింద ప్రేమా? రేపు పోలీసాయనొచ్చి రిజిస్టర్ తీయమంటాడు. ఫలానా రాత్రి ఈ రూములో ఎవరున్నారని అడిగితే నేను చూపించేది ఆ కాగితమే. అది లేకుంటే పోయేది నా ఉద్యోగం, ఓనరుది కాదు."

విదేశీయులైతే ఇంకా గట్టి. వాళ్లు దిగిన 24 గంటల్లోపల ఒక ఫారం ఆన్‌లైన్‌లో పంపాలి. పాస్‌పోర్టు, వీసా చూడకుండా ఆ ఫారం నింపలేరు. మనవాళ్లకు ఆ ఫారం లేదు. రిజిస్టరు, దాంతోపాటు ఐడీ నకలు ఉంటుంది.

ఈ రిజిస్టరు కొత్తదేమీ కాదు. బ్రిటిష్ కాలంలో 1867లోనే సరాయిల చట్టమని ఒకటొచ్చింది. సరాయి నడిపేవాడు మేజిస్ట్రేటు దగ్గర పేరు రాయించుకోవాలి, ఎవరు దిగారో చెప్పమంటే చెప్పాలి. అంతకుముందు మన సత్రాల్లో కార్డు అడిగేవాళ్లు కాదు, నిజమే. 1830-31లో కాశీకి పోయొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య దారిపొడుగునా ఎక్కడ దిగవచ్చో, ఏం దొరుకుతుందో రాసుకుంటూ పోయాడు. అప్పుడు గుర్తింపు కార్డనే మాటే లేదు. కానీ చాలా సత్రాలు ఫలానా కులం వాళ్లకని కట్టినవి. అక్కడ మొదటి ప్రశ్న "ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కులం" అని. ఆ ప్రశ్న కంటే ఐడీ అడగడమే నాకు మర్యాదగా అనిపిస్తుంది. కార్డు ఉంటే చాలు, ఎవరి బిడ్డవని అడగరు.

మామ వాళ్లు ఈమధ్య ఇంకా గట్టిగా ఎందుకు ఉంటున్నారో మన బళ్లారి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 మార్చి 1న బెంగళూరులో రామేశ్వరం కెఫేలో బాంబు పేలింది. నిందితుడు పేలుడు తర్వాత బస్సుల్లో మన బళ్లారి దాకా వచ్చాడని ఎన్ఐఏ దర్యాప్తులో బయటపడి, మన బస్టాండు పేరు టీవీల్లో మోగిపోయింది. ఏప్రిల్ 12న పశ్చిమ బెంగాల్‌లో ఇద్దరిని పట్టుకున్నారు. అంతవరకు వాళ్లు దొంగ పేర్లతో, దొంగ కార్డులతో లాడ్జిల్లో దిగుతూ తిరిగారని వార్త. అంతకుముందు 2022 నవంబర్ 19న మంగళూరులో ఆటోలో కుక్కర్ బాంబు పేలినప్పుడు, నిందితుడి దగ్గర దొరికిన ఆధార్ కార్డు అతనిది కాదు. అది ఒక రైల్వే ఉద్యోగి ఎప్పుడో పోగొట్టుకున్న కార్డు. ఆ కార్డు చూపించే మైసూరులో రూము అద్దెకు తీసుకున్నాడు. పోలీసులు మొదట ఆ ఉద్యోగినే అడిగారు. పాపం ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ఈ రెండో సంగతిలో మనకు రెండు పాఠాలున్నాయి. కౌంటర్‌లో ఉన్నాయన అనుమానం ఊరికే పుట్టింది కాదని ఒకటి. మన కార్డు పోతే మనకు రూము దొరకకపోవడం కంటే, దాంతో ఇంకొకరికి రూము దొరకడం పెద్ద ప్రమాదమని ఇంకోటి. అందుకే కార్డు పోయినప్పుడు మొదట చేయాల్సింది పోలీసులకు చెప్పడం. రూము సంగతి ఆ తర్వాత. కర్ణాటకలో పోలీసుల 'ఈ-లాస్ట్' సేవలో ఫోన్లోనే రాసి రసీదు తీసుకోవచ్చు. రైల్లో దొంగతనమైతే స్టేషన్‌లోని రైల్వే పోలీసులకు చెప్పాలి, బండిలో ఉన్నప్పుడే అయితే 139కి ఫోను చేయొచ్చు. "ఇది మా పరిధి కాదు" అని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్ అనే మాట గుర్తుపెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది. దొంగతనం లాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి, తర్వాత వాళ్లే అసలు స్టేషన్‌కు పంపుకుంటారు. ఆ రసీదు కౌంటర్ దగ్గర కూడా పనికొస్తుందని మామ చెప్పాడు. "నెంబరు, సీలు ఉన్న కాగితం ఒకటి చేతిలో ఉంటే మాకూ ధైర్యం పాపా" అన్నాడు.

ఇక కౌంటర్ మీద ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు. ప్లాస్టిక్ కార్డు ఒక్కటే అసలైనదని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి దించుకున్న ఈ-ఆధార్ కూడా అసలు కార్డుతో సమానమే. ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది: ఇంగ్లీషులో మన పేరులోని మొదటి నాలుగు పెద్దక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి 'జారీ అయిన పత్రాలు' అనే భాగంలో కనపడితే, అవీ అసలుతో సమానమే. కానీ మనమే ఫొటో తీసి డిజిలాకర్‌లో ఎక్కించింది వేరే భాగంలో ఉంటుంది. దానికి ఆ విలువ లేదు. అక్క గ్యాలరీలో ఫొటో ఎందుకు చెల్లలేదో, ఈ-ఆధార్ ఎందుకు చెల్లేదో తేడా ఇక్కడే ఉంది. పత్రం ప్రభుత్వం దగ్గర నుంచి నేరుగా వచ్చిందని అవతలివాళ్లు సరిచూసుకోగలగాలి. ఈ-ఆధార్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఆధార్ స్కానర్ యాప్‌తో చూస్తే నిజమో కాదో తెలిసిపోతుంది. కౌంటర్‌లో ఉన్నాయన అనుమానపడితే "స్కాన్ చేసి చూసుకోండి సార్" అని మనమే అనొచ్చు.

పద్దెనిమిది నిండినవాళ్లందరం ఓటరు కార్డు చేయించుకోవాలి. ఓటు కోసమే అనుకోకండి. 2021 జనవరి 25 నుంచి ఓటరు కార్డు కూడా ఈ-ఎపిక్ అని ఫోనులోకి దించుకునే వీలొచ్చింది. ఆధార్ ఒకటే నమ్ముకుంటే అది పోయిన రోజు అన్నీ పోయినట్టే. పాన్ కార్డు చాలా లాడ్జిల్లో తీసుకోరు, దాంట్లో అడ్రసు లేదు కాబట్టి. మన కాలేజీ కార్డు ఒక్కటే చూపిస్తే రూమివ్వరు, కానీ హాల్ టికెట్టుతో కలిపి చూపిస్తే మాట్లాడే మనిషి మెత్తబడతాడు. ఫస్టియర్ చెల్లెళ్లకు ఒక మాట: పద్దెనిమిది నిండకపోతే ఏ కార్డున్నా ఒంటరిగా రూమివ్వరు. తోడు లేకుండా బయలుదేరొద్దు.

మాట్లాడే తీరు గురించి మామ చెప్పింది నాకు బాగా నచ్చింది. రూము చూసి, డబ్బు కట్టి, సంచి లోపల పెట్టాక "కార్డు లేదన్నా" అంటే ఎవరికైనా అనుమానమే. మొదటి మాటగానే చెప్పాలి. కన్నడంలో అయితే "నన్న గురుతిన చీటి కళెదు హోగిదె". మనకు నోరు తిరగనిదేమీ కాదు: గురుతు రెండు భాషల్లోనూ ఉంది, చీటి కూడా ఉంది. పోలీసు రసీదు, హాల్ టికెట్టు, ఫోన్లో ఈ-ఆధార్ మూడూ ఒకేసారి బల్ల మీద పెట్టాలి. ఒక్కొక్కటి అడిగించుకొని తీస్తే దాచినట్టుంటుంది. కౌంటర్‌లో కుర్రాడుంటే అతని చేతిలో నిర్ణయం ఉండదు. అతన్ని తిట్టి లాభం లేదు. "మేనేజర్ గారికి ఒకసారి ఫోను చేసివ్వండన్నా" అనాలి. అన్నిటికంటే మంచిది పగలే, బయలుదేరక ముందే ఫోను చేసి "ఒక్క అమ్మాయినే వస్తున్నా, డిజిటల్ ఆధార్ ఒప్పుకుంటారా?" అని అడిగి, సమాధానం వాట్సాప్‌లో రాయించుకోవడం. ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టేసిన రూముకు కూడా ఐడీ లేకుంటే తిప్పి పంపవచ్చు, ఆ డబ్బు తిరిగి రాకపోవచ్చు. అక్కడికి పోయి కట్టే పద్ధతే మనకు మేలు.

"ఒక్క అమ్మాయినే" అని ముందే చెప్పమన్నది ఊరికే కాదు. 2017లో సింగపూర్ నుంచి ప్రదర్శన ఇవ్వడానికొచ్చిన ఒక యువ కళాకారిణికి హైదరాబాద్ ఎర్రగడ్డలో ముందే బుక్ చేసుకున్న రూము ఇవ్వలేదు. ఆమె కార్డులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒంటరి ఆడమనిషి కావడమే కారణం. ఆమె లగేజీతో హోటలు బయట నిలబడి ఆ సంగతి లోకానికి చెప్పింది. పేపర్లన్నీ రాశాయి. అంటే కార్డుంటే చాలని నేను పైన రాసిన మాట ఆడవాళ్ల విషయంలో పూర్తిగా నిజం కాదు. ఇట్లాంటి నియమం పెట్టుకున్న లాడ్జిలు ఇప్పటికీ ఉన్నాయి. అట్లాగే కొన్ని లాడ్జిల్లో అదే ఊరి అడ్రసు కార్డుకు రూమివ్వరు. బళ్లారి కార్డుతో బళ్లారిలో రూము అడిగి చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు మన సరిహద్దు వాళ్లకే ఉన్న తిరకాసు. కార్డు చేతిలో ఉండి కూడా లేనట్టయ్యే సందర్భం ఇది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి, సిరుగుప్ప, హోసపేట లాంటివి మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. గీత భూమి మీద గీశారు గానీ సంబంధాలు ఆగలేదు. మా అమ్మ ఆదోని పక్క, నాన్న సిరుగుప్ప పక్క. అమ్మ బడి సర్టిఫికెట్టు తెలుగులో, నాన్నది కన్నడంలో, నా కార్డు కన్నడం, ఇంగ్లీషులో.

తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది, దాని పొడి అక్షరం పేరుకు ముందు రాస్తాం. కన్నడ పద్ధతిలో చాలామందికి తండ్రి పేరో, ఊరి పేరో వెనక వస్తుంది. ఇంటర్ ఆంధ్రలో చదివి డిగ్రీ ఇక్కడ చేరిన వాళ్ల మార్కుల కార్డులో అక్షరం ముందుంటే ఆధార్‌లో వెనకుంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. గౌరి అనే పేరును రెండు రకాలుగా, లక్ష్మిని మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఊరి పేరూ అంతే. 2014 నవంబర్ 1న ఇంగ్లీషులో మన ఊరు 'బెల్లారీ' పోయి 'బళ్లారి' అయింది. పాత కార్డుల్లో పాత పేరే ఉంది. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక హోసపేట, హంపి వాళ్ల జిల్లా మారింది, కార్డులో మారలేదు. ఇవన్నీ మనకు తెలుసు. హైదరాబాదులోనో చెన్నైలోనో కౌంటర్‌లో ఉన్నాయనకు తెలియదు. బుకింగులో ఒక పేరు, కార్డులో ఒక పేరు కనపడితే ఆయన కళ్లకు ఇద్దరు మనుషులు.

దీనికి మందు చాలా చిన్నది. టికెట్టు కానీ రూము కానీ ఏది బుక్ చేసినా ఆధార్‌లో ఇంగ్లీషులో ఎట్లుందో అక్షరం పొల్లుపోకుండా అట్లే కొట్టాలి. మనకు నచ్చిన స్పెల్లింగు, ముద్దుపేరు, ఇన్‌స్టాగ్రాం పేరు పనికిరావు. రెండు కార్డుల్లో తేడా ఉంటే పెళ్లికో ఉద్యోగానికో ఎట్లాగూ సరిచేయించుకోవాల్సిందే, ఆ పనేదో ఇప్పుడే చేయించుకోవడం మేలు. తిరుమలలో గదికైనా ఆధార్ అడుగుతారు, 2023 మార్చి నుంచి ముఖం గుర్తుపట్టే పద్ధతి కూడా పెట్టారు. మంత్రాలయానికి పోయినా గది కావాలంటే కార్డు వెంట ఉండాల్సిందే. దేవుడి ఊళ్లో కూడా పేరు కలవాలి.

కార్డు లేదన్న కంగారులో మనం ఇవ్వకూడనివి ఇచ్చేస్తాం. స్నేహితురాలి ఆధార్ వాట్సాప్‌లో తెప్పించి "నేనే" అనడం సాయం కింద రాదు. ఇంకొకరిగా చలామణి కావడం భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ కింద నేరమవుతుంది. మంగళూరు కార్డు కథ గుర్తుంటే ఎందుకో అర్థమవుతుంది. అసలు కార్డును "పొద్దున ఇస్తాం" అని అట్టిపెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. నకలు ఇస్తే దాని మీద అడ్డంగా లాడ్జి పేరు, తేదీ వేసి 'బస కోసం మాత్రమే' అని రాసి సంతకం పెట్టండి. యూఐడీఏఐ సైటులో మాస్క్ చేసిన ఆధార్ దొరుకుతుంది, దాంట్లో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. 2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, హోటళ్లు, సినిమా హాళ్లలాంటివి ఆధార్ నకళ్లు ఉంచుకోకూడదని ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడ్డారని రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. నాకైతే ఆ ప్రకటనలో తప్పేమీ కనపడలేదు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను తప్పనిసరిగా అడిగే దారి మూసేసింది. కాబట్టి ఓటరు కార్డు చూపిస్తానంటే "ఆధారే కావాలి" అని పట్టుబట్టే చోట మర్యాదగా వాదించవచ్చు. రాత్రి పదకొండింటికి వాదించాలా, ఇంకో లాడ్జి చూసుకోవాలా అన్నది మీ ఓపికను బట్టి. నేనైతే ఇంకో లాడ్జి చూసుకుంటాను, వాదన పొద్దున రాసి పంపిస్తాను.

ఎక్కడా రూము దొరకకపోతే? అక్క చేసిందే నా సలహా. టికెట్టుంటే రైల్వే స్టేషన్ ఆడవాళ్ల వెయిటింగ్ హాలు. లైట్లుంటాయి, పోలీసులుంటారు, కెమెరాలుంటాయి. తెలియని మనిషి "మా ఇంట్లో ఉండు పాపా" అంటే వద్దు, ఎంత మంచిగా కనపడినా వద్దు. భయమేస్తే 112. ఆడవాళ్ల సహాయవాణి 181. ఆ నంబరు ద్వారా సఖి కేంద్రాల గురించి తెలుసుకోవచ్చు. 2015 నుంచి నడుస్తున్న ఆ కేంద్రాల్లో కష్టంలో ఉన్న ఆడవాళ్లకు తాత్కాలికంగా అయిదు రోజుల వరకు ఉండే చోటిస్తారు. కొట్టించుకున్న వాళ్లకే అనుకుంటారు చాలామంది, కొత్త ఊళ్లో దిక్కుతోచని అమ్మాయి కూడా అడగొచ్చు.

ఫోను కూడా పోతే పైన రాసినవాటిలో సగం పనికిరావు. అందుకే కాగితం. ఈ-ఆధార్ ప్రింటు ఒకటి పర్సులో కాకుండా బట్టల సంచి అడుగున పెట్టుకోవాలి. దాని వెనక అమ్మ నంబరు, నాన్న నంబరు, ఇంకో బంధువు నంబరు పెన్నుతో రాసుకోవాలి. నాకు అమ్మ నంబరు తప్ప ఒక్కటీ నోటికి రాదు, మీకూ అంతేనని నా అనుమానం. అయిదు వందల నోటు ఒకటి అదే కాగితంలో మడిచి పెట్టండి.

చివరికి ఆ ఓటీపీ సంగతి. యూఐడీఏఐ సైటులో ఆధార్ నంబరు కొట్టి సరిచూసుకుంటే, దానికి కలిపిన ఫోను నంబరులో చివరి మూడంకెలు కనపడతాయి. పోయిన వారం మా బెంచీలో నలుగురం చూసుకున్నాం. ఇద్దరికి నాన్న నంబరు, నాకు నాదే. నాలుగో అమ్మాయికి వచ్చిన అంకెలు ఇంట్లో ఎవరివీ కావు. వాళ్లమ్మను అడిగితే అది తాతదని తేలింది. ఆయన పోయి మూడేళ్లయింది, సిమ్ము ఎవరూ రీచార్జి చేయలేదు, ఆ నంబరు కంపెనీ ఇంకెవరికైనా ఇచ్చేసిందో ఏమో. శనివారం తను ఆధార్ సెంటర్‌కు పోతోంది. తోడుగా నేనూ పోతున్నా. వచ్చేవాళ్లుంటే పదిన్నరకల్లా గేటు దగ్గరుండండి, క్యూ పెద్దగా ఉంటుంది.